నేల టికెట్టుకు ఇంగ్లండులో చుట్టం

నేల, బెంచి, కుర్చీ.

యాభై దాటిన వాళ్ల ముందు ఈ మూడు మాటలు అని చూడండి. మదనపల్లె కావచ్చు, పుంగనూరు కావచ్చు, కుప్పం కావచ్చు... ముఖంలో ఒక నవ్వు కదులుతుంది. కుర్చీ అంటే ఊళ్లో నలుగురూ లేచి దండం పెట్టే మనిషి. బెంచి అంటే నెలకింతని జీతం వచ్చే మనిషి. మరి నేల? మిగతా ఊరంతా నేలే!

ఆ నేల ఇప్పుడు ఎక్కడా లేదు. ఎప్పుడు పోయిందో, ఎవరు తీసేశారో కూడా ఎవరూ సరిగ్గా చెప్పలేరు. మెల్లగా బెంచీలు వచ్చాయి, బెంచీల మీదికి కుర్చీలు వచ్చాయి, ఆ కుర్చీలకు మెత్తలు వచ్చాయి. నేల మాయమైంది.

సరిగ్గా ఇలాంటిదే ఒక చోటు ఇంగ్లండులోనూ ఉండేది. సినిమా హాల్లో కాదు, ఫుట్‌బాల్ మైదానంలో. అది ఎప్పుడు పోయిందో, ఎందుకు పోయిందో మాత్రం అక్కడ అందరికీ తెలుసు. తారీఖుతో సహా చెబుతారు. అది పోయినందుకు ఏడ్చినవాళ్లున్నారు, పోవాల్సిందేనన్న వాళ్లున్నారు. చివరికి దాన్ని మరో రూపంలో వెనక్కి తెచ్చుకున్నారు కూడా. ఆ కథ తెలిస్తే మన నేల విలువా తెలుస్తుంది, జనం గుమిగూడే ప్రతిచోటా మనం చేస్తున్న పొరపాటూ తెలుస్తుంది.

ముందు వరుస మహారాజులు

పల్లెల్లో టూరింగ్ టాకీసు అంటే పెద్ద డేరా. నాలుగు వైపులా తడికెలు, పైన గుడ్డో రేకులో. తెరకు దగ్గరగా ఉన్నదంతా నేల. అణాల కాలంలో అణాల్లో, తర్వాత పావలాల్లో టికెట్టు. సాయంత్రం కాగానే మైకులో ఘంటసాల గొంతు వినిపించేది. చుట్టుపక్కల రెండు మూడు ఊళ్లకు అదే గడియారం. పాటలు ఆగాయంటే ఆట మొదలవుతుందని లెక్క. అన్నాలు తిన్నవాళ్లు, తిననివాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు గబగబా చేల గట్లమీద నడిచి వచ్చేసేవాళ్లు.

లోపలికి వెళ్లగానే మొదటి పని ఇసుక కుప్ప వేసుకోవడం. ముందున్నవాడి తల అడ్డం రాకుండా ఎవరి గద్దె వాళ్లే కట్టుకోవాలి. వెనకవాడు ఊరుకుంటాడా? వాడూ ఇంకొంచెం ఎత్తుగా పోసుకుంటాడు. సినిమా మొదలయ్యేసరికి నేలంతా గుట్టలే! ఆడవాళ్లకు ఒక పక్క, మగవాళ్లకు ఒక పక్క. మధ్యలో నడుమెత్తు గోడో, తడికో. ఉన్నది ఒక్కటే ప్రొజెక్టర్. రీలు మార్చిన ప్రతిసారీ లైట్లు వెలిగేవి. అంటే ఒక సినిమాకు రెండు మూడు ఇంటర్వెల్లు. ఆ సందులో బొరుగులు, చెనక్కాయలు, గోలీ సోడాలు.

నేల ఊరికే చూసేది కాదు. సినిమాలో పాలు పంచుకునేది. హీరో వస్తే కాగితాలు ఎగిరేవి, ఈలలు మోగేవి. విలన్ వెనకనుంచి వస్తుంటే 'వెనక చూడు' అని హీరోను హెచ్చరించేది నేలే. దేవుడి సినిమా అయితే తెర ముందు కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చేదీ నేలే. సినిమా నూరు రోజులు ఆడుతుందో, మూడు రోజులకే పెట్టె సర్దుకుంటుందో మొదటి ఆటకే తేల్చేది కూడా ఆ ముందు వరుసే. అందుకే పాతకాలపు పంపిణీదారులు హాలు వెనక నిలబడి తెరను కాదు, నేలను చూసేవాళ్లు.

అలాగని అంతా బంగారమేమీ కాదు. బీడీ పొగ, ఉమ్మి, కాళ్ల కింద నలిగిన తొక్కలు. కొత్త సినిమాకు టికెట్టు దొరకాలంటే ఇరుకు సందులాంటి క్యూలో చొక్కా చిరగాల్సిందే. 'నేల క్లాసు' అన్నమాట తిట్టుగా మారింది ఊరికే కాదు. కానీ ఊళ్లో అతి తక్కువ డబ్బున్న మనిషి కూడా అందరితోపాటు అదే ఆట చూడగలిగేవాడు. అంతకన్నా ముఖ్యం... హాలుకు ప్రాణం పోసేది అతనే.

వాళ్ల టెర్రస్ మన మిద్దె కాదు

ఇప్పుడు ఇంగ్లండుకు వెళదాం. ఫుట్‌బాల్ మనకెందుకు అనుకోకండి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఎత్తుకొచ్చింది మన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం గెలిచింది. కాబట్టి ఆ ఆట మనకూ చుట్టమే.

ఇంగ్లండు ఫుట్‌బాల్ మైదానాల్లో చవక టికెట్టు చోటును 'టెర్రస్' అనేవాళ్లు. మన మిద్దె కాదు. గోలు స్తంభం వెనక మెట్లు మెట్లుగా కట్టిన గట్టు. మొదట్లో బొగ్గు నుసి, మట్టి పోసి కట్టారు. తర్వాత కాంక్రీటు వచ్చింది. కుర్చీ ఉండదు, నంబరు ఉండదు. అక్కడక్కడా ఆనుకోవడానికి ఇనప కడ్డీలు. అంతే. గేటు దగ్గర చిల్లర ఇచ్చి లోపలికెళ్లి గంటన్నర ఆటా నిలబడి చూడటమే. ఓడరేవు కూలీలు, గని కార్మికులు, మిల్లు పనివాళ్లు... శనివారం మధ్యాహ్నం షిఫ్టు దిగి నేరుగా అక్కడికే.

వాటిలో బాగా పేరుమోసింది లివర్‌పూల్ జట్టు మైదానం ఆన్‌ఫీల్డ్‌లోని 'కాప్'. 1906లో కట్టారు. 1928లో పెంచి కప్పు వేశారు. ఒక్క ఆ గట్టుమీదే పాతిక వేలకు పైగా జనం పట్టేవాళ్లు. మదనపల్లె సంతకు వచ్చే జనమంతా ఒకే గట్టుమీద నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

ఆ పేరు వెనక కూడా ఒక కథ ఉంది. 'స్పయన్ కాప్' దక్షిణాఫ్రికాలో ఒక కొండ. 1900 జనవరిలో బోయర్ల చేతిలో బ్రిటిష్ సైన్యం అక్కడ ఘోరంగా దెబ్బతింది. చనిపోయిన వాళ్లలో లివర్‌పూల్ ఉన్న లాంకషైర్ ప్రాంతపు సైనికులు ఎక్కువ. వాళ్ల జ్ఞాపకంగా ఊరివాళ్లు ఆ గట్టుకు ఆ పేరు పెట్టుకున్నారు. అదే కొండ దగ్గర గాయపడ్డ సైనికుల్ని డోలీల్లో మోసిన వాళ్లలో ఒక భారతీయుడున్నాడు. మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ! ఆయన కూడగట్టిన భారతీయ అంబులెన్సు దళంలో సుమారు 1,100 మంది ఉంటే, ఎక్కువమంది నేటాల్ చెరకు తోటల్లోని ఒప్పంద కూలీలే. మద్రాసు రేవు నుంచి అలా నేటాల్‌కు ఓడలెక్కిన వాళ్లలో ఉత్తర ఆర్కాటు జిల్లా వాళ్లు చాలామంది. పుంగనూరు, కుప్పం అప్పట్లో ఆ జిల్లాలోవే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా అంతే.

పాతిక వేల గొంతుల పాట

ఆ గట్టుమీద నిలబడ్డవాళ్ల జ్ఞాపకాలు వింటే మన నేల గుర్తుకు రాక మానదు. ముందు కనబడటం లేదని చిన్న పిల్లలకు ఇంటినుంచి చెక్కపెట్టె తెచ్చేవాళ్లు తండ్రులు. మన ఇసుక కుప్పలాగే! జనం మరీ ఎక్కువైతే పిల్లల్ని తలల మీదుగా చేతులు మార్చుకుంటూ ముందు వరుసకు పంపేసేవాళ్లు. ఆట అయ్యాక తండ్రి వచ్చి దించుకునేదాకా ముక్కూమొహం తెలియనివాళ్లే వాళ్లకు కాపలా. ఆన్‌ఫీల్డ్‌లో కాప్ పక్కన కుర్రాళ్ల కోసం వేరే దడి కూడా ఉండేది. అక్కడినుంచి పెద్దవాళ్ల గట్టుమీదికి దూకి పారిపోవడం ప్రతి కుర్రాడి సాహసగాథ.

ప్రతివాడికీ ఒక చోటు ఉండేది. టికెట్టు మీద నంబరు లేదు కానీ, ఫలానా కడ్డీ పక్కన ఫలానా మనిషి. ఇరవయ్యేళ్లు పక్కపక్కన నిలబడ్డా పేర్లు తెలియవు. ఒక వారం కనిపించకపోతే మాత్రం 'ఏమైందో' అని బెంగ.

1960ల మొదట్లో ఆ గట్టు పాడటం మొదలెట్టింది. లివర్‌పూల్ అంటే బీటిల్స్ ఊరు కదా! రేడియోలో వచ్చిన పాటను జనమంతా ఒకే గొంతుతో అందుకునేవాళ్లు. 1964లో బీబీసీ కెమెరాలు ఆటను వదిలేసి ఆ పాడే జనాన్నే చిత్రీకరించాయి. 1945 నాటి 'కరౌసెల్' అనే సంగీత నాటకంలోని ఒక పాటను 1963లో లివర్‌పూల్ కుర్రాళ్ల బృందమే మళ్లీ పాడింది. గట్టు దాన్ని సొంతం చేసుకుంది. ఈ రోజుకీ ఆ మైదానంలో ఆటకు ముందు అదే పాట.

గోలు పడితే... అబ్బో! వెనకనుంచి జనం అలలా విరుచుకుపడేవాళ్లు. కాళ్లు నేలమీద ఆనవు. ఇక్కడ నిలబడ్డవాడు పది మెట్ల కింద తేలేవాడు. అల వెనక్కి తగ్గాక మళ్లీ తన కడ్డీ వెతుక్కుంటూ వచ్చేవాడు. మధ్యలో మరుగుదొడ్డికి వెళ్లాలంటే కుదిరే పనికాదు. దానికి వాళ్లు చేసిన ఏర్పాట్లు ఆదివారం పూట చెప్పుకోకపోవడమే మంచిది!

అక్కడ కూడా అంతా బంగారం కాదు. బూతులు, కొట్లాటలు ఉండేవి. 1980ల్లో నల్లజాతి ఆటగాళ్ల మీదికి అరటిపండ్లు విసిరిన సిగ్గుచేటు పనులు జరిగిందీ ఆ గట్ల మీదినుంచే. ఆడవాళ్లు తక్కువగా కనిపించేవాళ్లు. ఆ అల ఎంత ఆనందమో అంత ప్రమాదం. 1946 మార్చి 9న బోల్టన్‌లో అలాంటి తొక్కిసలాటలో 33 మంది చనిపోయారు. 1971 జనవరి 2న స్కాట్లండులోని గ్లాస్గోలో ఐబ్రాక్స్ మైదానం మెట్ల మీద 66 మంది పోయారు. హెచ్చరికలు వచ్చాయి. నివేదికలు వచ్చాయి. బీరువాల్లోకి వెళ్లాయి.

మూడు గంటల ఆరు నిమిషాలు

1989 ఏప్రిల్ 15. షెఫీల్డ్ నగరంలో హిల్స్‌బరో మైదానం. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య కప్పు సెమీఫైనల్. ఆట మూడు గంటలకు.

అప్పటికి పదేళ్లుగా ఇంగ్లండులో ఫుట్‌బాల్ అభిమాని అంటే రౌడీ అన్న ముద్ర. వాళ్లు మైదానంలోకి దూకకుండా గట్ల ముందు ఎత్తయిన ఇనప కంచెలు కట్టారు. గట్టును అడ్డంగా కూడా కంచెలతో విడదీశారు. అచ్చం పశువుల దొడ్లలాగా. లివర్‌పూల్ అభిమానుల్లో నిలబడే టికెట్టు వాళ్లు పదివేల మందికి పైగా. వాళ్లందరికీ కలిపి తిరుగుడు గేట్లు ఏడంటే ఏడు!

రెండున్నరకే బయట జనం కిక్కిరిసిపోయారు. అక్కడే ప్రాణాలు పోయేలా ఉన్నాయని పోలీసులు 2.52కు పెద్ద గేటు తెరిపించారు. లోపలికి వచ్చిన జనానికి ఎదురుగా కనిపించింది ఒక సొరంగం. అది వెళ్లేది గోలు వెనకున్న రెండు దొడ్లలోకి. అవి అప్పటికే నిండిపోయాయి. పక్క దొడ్లలో చోటుంది. అటు వెళ్లండని చెప్పేవాళ్లే లేరు. సొరంగాన్ని మూయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

వెనకవాళ్లు ఆట కోసం తోసుకొస్తున్నారు. ముందువాళ్లు కంచెకు అతుక్కుపోయి ఊపిరాడక అరుస్తున్నారు. కంచె ఎక్కి తప్పించుకోబోయిన వాళ్లను రౌడీలనుకుని వెనక్కి నెట్టారు. 3.06కు ఆట ఆగింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ దెబ్బకు మొత్తం 97 మంది చనిపోయారు. చివరి మనిషి 32 ఏళ్లు బాధపడి 2021లో కన్నుమూశాడు.

ఆ తర్వాత జరిగింది మరో ఘోరం. 'తాగొచ్చిన అభిమానులే తొక్కుకు చచ్చారు' అన్న కథ పుట్టింది. 'ది సన్' పత్రిక దాన్ని 'నిజం' అని పెద్దక్షరాల్లో మొదటి పేజీలో వేసింది. లివర్‌పూల్‌లో చాలా ఇళ్లు ఇప్పటికీ ఆ పత్రిక కొనవు. విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్ అదే ఏడాది ఆగస్టులో తేల్చి చెప్పాడు, అసలు కారణం పోలీసుల అదుపు తప్పడమేనని. అయినా మచ్చ పోలేదు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు వదల్లేదు. 2012లో స్వతంత్ర బృందం పాత కాగితాలు తిరగేస్తే 164 పోలీసు వాంగ్మూలాలు మార్చిన సంగతి బయటపడింది. 2016 ఏప్రిల్ 26న జ్యూరీ తీర్పు వచ్చింది. ఇవి చట్టవిరుద్ధంగా జరిగిన మరణాలు, అభిమానుల తప్పేమీ లేదు అని. ఆ ఒక్క వాక్యం కోసం 27 ఏళ్లు పట్టింది.

నాలుగు పౌండ్ల చోటు

టేలర్ పూర్తి నివేదిక 1990 జనవరిలో వచ్చింది. పెద్ద జట్ల మైదానాల్లో ఇక అందరూ కూర్చునే చూడాలన్నది అందులో ముఖ్యమైన సిఫారసు. ఒక్కొక్క గట్టే పడిపోయింది. 1994 ఏప్రిల్ 30న కాప్ మీద జనం చివరిసారి నిలబడ్డారు. ఆ రోజు నారిచ్ చేతిలో లివర్‌పూల్ 0-1తో ఓడిపోయింది. అయినా జనం కదల్లేదు. పాడుతూనే ఉన్నారు. పాతిక వేలమంది నిలబడిన చోట ఇప్పుడు కుర్చీలు పన్నెండు వేల పైచిలుకు.

ప్రాణాలు నిలిచాయి. అందులో రెండో మాటే లేదు. ఆడవాళ్లు, పిల్లలు ధైర్యంగా రాగలిగారు. కానీ ఇంకోటి కూడా జరిగింది. 1990లో కాప్ మీద నిలబడటానికి టికెట్టు నాలుగు పౌండ్లు. కుర్చీలు వేస్తే ధర పెద్దగా పెంచనక్కర్లేదని టేలరే రాశాడు. ఐబ్రాక్స్‌లో కూర్చుంటే ఆరు పౌండ్లు, నిలబడితే నాలుగే కదా అని ఉదాహరణ కూడా చూపించాడు. నివేదికలో కుర్చీల పేజీ అందరూ చదివారు. ధరల పేజీ ఎవరూ చదవలేదు!

టీవీ డబ్బులు వచ్చిపడ్డాయి. ఆట ప్రపంచ వ్యాపారమైంది. టికెట్టు పదులు దాటింది. 2016లో లివర్‌పూల్ యాజమాన్యం కొత్తగా కడుతున్న మెయిన్ స్టాండులో అన్నిటికన్నా ఖరీదైన టికెట్టు 77 పౌండ్లని ప్రకటించింది. ఆ ఫిబ్రవరి 6న సండర్‌లాండ్‌తో ఆట. సరిగ్గా 77వ నిమిషంలో దాదాపు పదివేల మంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0తో ముందుంది. జనం వెళ్లిపోయాక రెండు గోళ్లు సమర్పించుకుని 2-2తో ముగించింది! నాలుగు రోజుల్లో యాజమాన్యం క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకుంది. పై ఊరినుంచి వచ్చే అభిమానికి టికెట్టు 30 పౌండ్లు మించకూడదని ఆ తర్వాతి నెలలోనే ప్రీమియర్ లీగ్ జట్లన్నీ ఒప్పుకున్నాయి.

మళ్లీ నిలబడ్డారు

నిలబడటమే ప్రమాదమా? ఆలోచిస్తే కాదని తేలింది. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండుకు నిప్పంటుకుని 56 మంది చనిపోయారు. నిప్పు పుట్టింది కుర్చీల కిందే. బయటపడే దారులు మూసి ఉన్నాయి. మన దేశంలో 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో 59 మంది ఊపిరాడక చనిపోయారు. వాళ్లు ఖరీదైన బాల్కనీ వాళ్లు. అదనంగా వేసిన కుర్చీలు దారికి అడ్డం. అంటే చంపింది నిలబడటమూ కాదు, కూర్చోవడమూ కాదు. తెరుచుకోని తలుపు!

జర్మనీ వాళ్లు నిలబడే చోట్లను తీసెయ్యలేదు. డార్ట్‌మండ్ మైదానంలో ఒక్క వైపే దాదాపు 25 వేలమంది నిలబడతారు. తలల లెక్కతో. దాన్ని చూసి ఇంగ్లండు వాళ్లూ కదిలారు. నడుమెత్తు ఇనప కడ్డీ, దానికి మడిచే కుర్చీ. ఒక్కో మనిషికి ఒక్కో చోటు, ఒక్కో నంబరు. వెనకనుంచి అల వస్తే కడ్డీ ఆపుతుంది. ముందుకు పడిపోవడమన్నది ఉండదు. 2018లో ష్రూస్‌బరీ అనే చిన్న జట్టు తన మైదానంలో వీటిని పెట్టింది. 2022 జనవరి 2న చెల్సీ, లివర్‌పూల్ ఆటకు అధికారికంగా అనుమతి ఇచ్చి చూశారు. ఆ ఏడాది నుంచే అనుమతి ఉన్న మైదానాల్లో జనం మళ్లీ నిలబడుతున్నారు. హిల్స్‌బరోలో బిడ్డల్ని పోగొట్టుకున్న కొన్ని కుటుంబాలకు ఇది మింగుడు పడలేదు. వాళ్ల బాధ వాళ్లది. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు.

మన దగ్గర ఏమైంది?

మన నేల కథలో న్యాయమూర్తి లేడు, నివేదిక లేదు. టీవీ వచ్చింది, వీడియో వచ్చింది, డేరాలు లేచిపోయాయి. పట్టణాల్లో హాళ్లు బాగుపడ్డాయి. 2003లో హైదరాబాద్‌లో ప్రసాద్స్ వచ్చాక మల్టీప్లెక్స్ అన్నమాట మామూలైపోయింది. నేల, బెంచి, కుర్చీ పోయి క్లాసిక్, గోల్డ్, రిక్లైనర్ వచ్చాయి.

ఆఖరి తరగతి కోసం ఒక పెద్ద గొడవ మాత్రం జరిగింది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 35వ నంబరు జీవోలో, గ్రామ పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్లలో అతి తక్కువ టికెట్టు ఐదు రూపాయలు! ఐదు రూపాయలకు టీ కూడా రాదని హాళ్లవాళ్లు మొత్తుకున్నారు. కొన్ని హాళ్లు తలుపులు మూశాయి. 2022 మార్చి 7న కొత్త జీవో వచ్చి ఆ అడుగు ధర 20 రూపాయలైంది. ఇరవై న్యాయమా, ఐదు న్యాయమా అన్నది వేరే సంగతి. ఆ వాదనలో హాళ్లవాళ్లు మాట్లాడారు, నిర్మాతలు మాట్లాడారు, మంత్రులు మాట్లాడారు. ఇసుక మీద కూర్చుని సినిమాను ఆడించిన మనిషిని అడిగినవాళ్లు తక్కువ. 77వ నిమిషంలో లేచి వెళ్లినట్టు మన నేల ఎప్పుడూ ఒక్కటిగా లేచి వెళ్లలేదు. ఒక్కొక్కరుగా రావడం మానేసింది. అందుకే ఎవరికీ వినపడలేదు.

తప్పు గుంపుదా?

నేల పోయింది కాబట్టి తొక్కిసలాటలూ పోయాయా? లేదే!

2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్. టికెట్టు మీద 800 రూపాయలు పెంచుకోవడానికి అనుమతి ఇచ్చిన ప్రత్యేక ఆట అది. పిల్లల్ని తీసుకుని వచ్చిన ఒక తల్లి ఆ తొక్కిసలాటలో చనిపోయింది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. బైరాగిపట్టెడ దగ్గర పార్కులో కూర్చోబెట్టిన జనం, గేటు తెరవగానే ఒక్కసారి కదిలారు. 2025 జూన్ 4న, మదనపల్లె నుంచి మూడు గంటల ప్రయాణంలో ఉన్న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది పోయారు. 35 వేలు పట్టే చోటికి లక్షల్లో జనం వచ్చారు.

ప్రతిసారీ మొదట వినిపించే మాట ఒకటే. 'జనం ఎగబడ్డారు.' 1989లో హిల్స్‌బరోలో వినిపించిందీ అదే. అది తప్పని తేలడానికి 27 ఏళ్లు పట్టింది. ఎగబడటం జనం స్వభావం కాదు. వెనకున్నవాడికి ముందేం జరుగుతుందో కనిపించదు, అంతే. కనిపించేది గేటు దగ్గరున్న అధికారికి, పైన కెమెరా ముందున్న మనిషికి. లెక్క కట్టాల్సింది వాళ్లు. సొరంగం మూయాల్సింది వాళ్లు. 'అటు చోటుంది, అటు వెళ్లండి' అని చెప్పాల్సింది వాళ్లు. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో 1980 ఆగస్టు 16న మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆటలో 16 మంది చనిపోయారు. ఆ ఊరు ఏటా ఆ తారీఖును గుర్తు పెట్టుకుని ఆ రోజు రక్తదానం చేస్తుంది. మరచిపోకపోవడం కూడా ఒక రక్షణే.

పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర ఉంది. కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర ఉంది. కొత్త సినిమా మొదటి ఆట ఎక్కడైనా ఉండేదే. జనం రాకుండా ఉండరు, ఉండకూడదు కూడా. వెళ్లేటప్పుడు ఇంటిల్లిపాదీ రెండు సంగతులు చూసుకుంటే చాలు. లోపలికి ఎన్ని దారులున్నాయని కాదు, బయటికి ఎన్ని ఉన్నాయి? వాటికి తాళం ఉందా, ఆ తాళం చెవి ఎవరి దగ్గర? ఇవి అడిగితే పిరికితనమని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. హిల్స్‌బరోలో ఈ ప్రశ్న ముందుగా ఒక్కరు గట్టిగా అడిగి ఉంటే 97 ఇళ్లలో దీపాలు వెలిగేవి.

ఇక నేల సంగతంటారా? ఈ ఆదివారం ఇంట్లో తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి. ఏ డేరాలో ఏ సినిమా చూశారో, ఇసుక ఎంత ఎత్తు పోసుకున్నారో, పక్కన ఎవరు కూర్చున్నారో. సినిమా కథ మరిచిపోయి ఉండొచ్చు. పక్కన కూర్చున్న మనిషిని మాత్రం మరిచిపోయి ఉండరు.